చిన్నాయన చెప్పని సాక్ష్యం

పోయిన నెల తిరుపతిలో మా అమ్మాయి ఇంట్లో స్నానాల గది గడప దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఆసుపత్రిలో పిండికట్టు వేసి, ఆరు వారాలు దాన్ని ముట్టుకోవద్దని చెప్పి పంపించారు. నాలుగో రోజుకే లోపల దురద మొదలై నేను గొణుక్కుంటూ ఉంటే, కాలేజీకి వెళ్ళే మా మనవరాలు ఫోనులో ఏదో చదివి, అంచు కొంచెం కత్తిరించి మళ్ళీ గుడ్డ చుట్టుకుంటే సరిపోతుందట తాతా, నేను చేస్తానుండు అని ప్రేమగా కత్తెర పట్టుకొని వచ్చింది. నేను ఆ పిల్ల మీద అరిచిన అరుపుకు వంటింట్లో నుంచి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఎందుకిలా అరిచాడో వాళ్ళకు అర్థం కాలేదు, నాకు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే ఎడమ చేత్తో, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ ఇది రాస్తున్నాను. నా ఈడు వాళ్ళు చదివితే చాలు, వాళ్ళకు తెలుస్తుంది.

మాది పుత్తూరు పక్కన చిన్న పల్లె. మా వీధిలో ముప్పై ఇళ్ళు, చివర్లో రేకులు కప్పిన ప్రార్థన మందిరం, ఆ మందిరం గోడలు కట్టింది మా చిన్నాయనే. మా నాయన, చిన్నాయన ఇద్దరే అన్నదమ్ములు, పక్కపక్క ఇళ్ళలోనే కాపురం. నాయన కూలికి పోయేవాడు, ముక్కు మీద కోపం, మాట కంటే ముందు చెయ్యి లేచే మనిషి. చిన్నాయన తాపీమేస్త్రీ. పిల్లలు లేరు, ఆయనా మా చిన్నమ్మా ఇద్దరే. మా తాత కాలంలోనే మేం క్రైస్తవులమైనా, మా ఇళ్ళల్లో ఆ మాటకు తగినట్టు బతికింది చిన్నాయన ఒక్కడేనని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయన ఎవరికీ బోధించిన పాపాన పోలేదు. పనికాడ మధ్యాహ్నం క్యారియరు విప్పే ముందు ఆయన కళ్ళు మూసుకునే ప్రార్థన ఎంత పొట్టిదంటే, పక్కన కూర్చున్నవాళ్ళు కంట్లో సిమెంటు పడిందేమో అనుకునేవాళ్ళు.

నేను పదో తరగతితో చదువు ఆపి, పుత్తూరులో ఒక బియ్యం మిల్లులో బస్తాల మూతులు కుట్టే పనికి చేరాను. పెద్ద సూది, పురికొస, చివర్న మోకాలు అదిమిపెట్టి బిగించి లాగే ముడి, రోజంతా అదే పని. పని అయ్యాక శాఖా గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. గొప్పకు చెప్పుకోవడం కాదుగాని, ఆ గ్రంథాలయంలో నేను ముట్టని తెలుగు పుస్తకాలు తక్కువ. తేనెటీగల పెంపకం, ఖగోళ శాస్త్రం, ఆరోగ్య సూత్రాలు, దేశాల చరిత్రలు, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. బడి నాకు పెట్టలేని అన్నం ఆ చెక్క బీరువాలు పెట్టాయి, ఆ మాట ఇవాళ కూడా కాదనను. నా చదువంటే మా వీధిలో అందరికంటే ఎక్కువ మురిసిపోయింది చిన్నాయనే. ఆయనకు అక్షరం రాదు. సాయంకాలం నేను ఇంటికి రాగానే ఆయన వసారాలో చాప పరిచి, నల్ల అట్ట పుస్తకం నా చేతిలో పెట్టి సువార్త చదివించుకునేవాడు. నేను చదువుతుంటే నా నోటి వైపే చూస్తూ ఉండేవాడు, మాటలు అందులో తయారవుతున్నట్టు.

నాకు పద్దెనిమిది నిండిన ఏడు, ఒక మిద్దె పని జరుగుతుండగా పరంజా కర్ర విరిగి చిన్నాయన కింద పడ్డాడు. కుడి ముంజేతి ఎముక విరిగింది. మా వైపు ఎముక విరిగితే ఎవరి దగ్గరికి పోవాలో ఎవరూ అడగరు. మా పల్లెకు రెండు మైళ్ళలో తాతల నాటి నుంచి కట్లు కట్టే ఇంటివాడు ఒక పెద్దాయన ఉండేవాడు, నుదుటి మీద విభూతి రేఖలు, చేతులు మాత్రం పసిబిడ్డను పట్టుకున్నట్టు మెత్తన. ఎముక సర్ది, ఆకుపసరు, గుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టాడు. ఎనిమిదో దినం రమ్మన్నాడు, అంతదాకా కట్టు మీద ఎవరి వేలూ పడకూడదన్నాడు.

అయిదో దినానికి వాపు తగ్గింది. వాపు తగ్గితే కట్టు వదులవుతుందన్నది ఆ పెద్దాయనకు తెలిసిన సంగతే, ఆ వదులుకు చోటు ఉంచే ఆయన కట్టి ఉంటాడు. నేను మాత్రం అంతకు ముందు వారమే గ్రంథాలయంలో ప్రథమ చికిత్స పుస్తకం చదివి ఉన్నాను. అందులో బద్దలు ఎట్లా కదలకుండా ఉండాలో బొమ్మ వేసి చూపించారు. బద్దలు కదిలితే ఎముక వంకరగా అతుక్కుంటుందని చిన్నాయనకు వివరంగా చెప్పాను. అప్పుడు చిన్నమ్మ వాళ్ళ అక్క కాన్పని పలమనేరు పోయి ఉంది, నాయన పనికి పోయి ఉన్నాడు. మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

ఆయన కట్టు వైపు చూసి, "పెద్దాయన ముట్టుకోవద్దన్నాడు గదరా" అన్నాడు.

"ఆయనేమన్నా సదువుకున్నాడా, సిన్నాయనా? పుస్తకంలో బొమ్మతో సహా ఉండాది."

"సరే, బుక్కులో ఉంటే నీకే తెల్సు" అని చెయ్యి చాపాడు.

కట్టు విప్పి, కొత్త ముతక గుడ్డను తెల్లసొనలో తడిపి, బద్దలు పెట్టి చుట్టి, పైన మిల్లు నుంచి తెచ్చిన పురికొసతో మా పనిలో వేసే ముడే వేశాను. మోకాలు అదిమిపెట్టి లాగాను. తడిగుడ్డ ఆరేకొద్దీ బిగుసుకుంటుందని ఏ చాకలింటి పిల్లనడిగినా చెప్పి ఉండేది. మర్నాడు వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయన్నాడు, ఆ పొద్దుగూకేసరికి నొప్పికి నుదురు చెమట పట్టింది. ఎముక అతుక్కునేటప్పుడు నొప్పి ఉంటుందని నేను చెప్పాను. అది పుస్తకంలో లేదు, నేనే చెప్పాను. ఆయన నమ్మి పళ్ళు బిగబట్టుకున్నాడు. మూడో దినం పొద్దున నొప్పి లేదురా అని నవ్వాడు, నేను చెప్పలేదా అన్నాను. వేళ్ళు నల్లబడి ఉండడం నాయన చూశాడు.

నాయనా నేనూ ఆయన్ను బండిలో పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. పెద్దాయన కొడవలి మొనతో పురికొస ముడి కోసి, ఆ ముడి వైపు ఒక గడియ చూసి, వేళ్ళు నొక్కి చూసి, తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకుపొండి, ఇప్పుడే పొండి అన్నాడు. అక్కడ మోచేతి కింద నుంచి చెయ్యి తీసేశారు.

చిన్నాయన ఇంటికి వచ్చిన దినం మా వీధి మగవాళ్ళంతా వసారా ముందర చేరారు. కట్టు కట్టినవాడే చెయ్యి పోగొట్టాడని, ఆ ముసలాయన ఇల్లు పీకి పందిరి వెయ్యాలని మా నాయన కర్ర పట్టుకొని ముందు నిలబడ్డాడు. నేను గుమ్మంలో ఉన్నాను. చిన్నాయన మంచం మీద నుంచి లేచి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"ఆయన కట్టింది మంచిగానే కట్టినాడు. ఇంటికాడ విప్పి మళ్ళా కట్టినాము. తప్పు మాది" అన్నాడు.

"మాదంటే ఎవురిదిరా?" అని నాయన గద్దించాడు.

"ఎవురిదైతే ఏముందిలేన్నా. చెయ్యి నాది గదా."

అంతే చెప్పాడు. నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నేను అక్కడికక్కడే చెప్పేసేవాణ్ణేమో, అందుకే చూడలేదేమో, ఇంత వయసొచ్చినా అది నాకు తేలలేదు. జనం కర్రలు దించి, వీడే విప్పుకొని ఉంటాడు, మొండోడు అని తలా ఒక మాట అనుకుంటూ పోయారు. నాయన కోపం ముసలాయన మీద నుంచి తమ్ముడి మీదికి మళ్ళింది. బంగారంలాంటి చెయ్యి నీకు నువ్వే నరుక్కుంటివి గదరా అని పొద్దున లేస్తే అదే తిట్టు, అన్నం దగ్గర అదే తిట్టు, ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళ ముందర అదే తిట్టు. చిన్నమ్మ పలమనేరు నుంచి వచ్చి గుండె బాదుకొని, తర్వాత చెరకు కొట్టే కూలికి పోవడం మొదలుపెట్టింది. ఎనిమిది దినాలు చెయ్యి కుదురుగా పెట్టుకోలేకపోయాడని ఆమె కూడా మొగుణ్ణే అన్నది. ఆయన ఒక్కసారైనా ఆమెకు అసలు సంగతి చెప్పలేదు.

ఆ తర్వాత వారం గ్రంథాలయానికి పోయి అదే పుస్తకం తీశాను. నేను చదివి ఆపిన బొమ్మ ఉన్న పుటకు వెనకాల పుటలోనే ఉంది, కట్టు కట్టాక గంటకొకసారి గోళ్ళు నొక్కి చూడాలని, రంగు తిరిగి రాకపోతే వెంటనే వదులు చెయ్యాలని. బొమ్మ చూసి నాకంతా తెలిసిపోయిందనుకొని నేను ఆ పుట తిప్పలేదు.

చిన్నాయన మాత్రం ఎప్పటిలాగే సాయంకాలం చాప పరిచి ఎడమ చేత్తో పుస్తకం అందించేవాడు. మేం వరసగా చదువుతూ ఉన్నాం. ప్రభువును పట్టుకుపోయిన తర్వాత పెరట్లో చలిమంట దగ్గర శిష్యుడు ఆయనెవరో నాకు తెలియదని చెప్పే భాగం వచ్చిన రోజు, నేను రెండు పుటలు కలిపి తిప్పేశాను. అక్షరం రాని మనిషి, ఎన్నేళ్ళుగానో వింటున్న మనిషి, కాసేపు విని, మధ్యలో ఏందో పోయినట్టుండాదే అన్నాడు. నేను పుట మీదికి ఇంకా వంగాను. పోనీలే, వచ్చినప్పుడు సదువు, యాడికీ పోదు గదా అని చాప చుట్టేశాడు.

మా మందిరంలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాల వేళ ఉండేది. జ్వరం తగ్గినవాళ్ళు, పరీక్ష గట్టెక్కినవాళ్ళు, బిడ్డ పుట్టినవాళ్ళు లేచి నిలబడి దేవుడు తమకేం చేశాడో చెప్పుకునేవాళ్ళు. నాకు మాటలు బాగా వస్తాయని మా పాస్టరు అయ్యగారు నన్ను తరచుగా లేపేవారు. చెయ్యి పోయి ఆరు నెలలైన తర్వాత ఒక ఆదివారం, మీ చిన్నాయన సహనం గురించి నువ్వు చెప్పు అబ్బాయీ, అందరికీ మేలు జరుగుతుంది అన్నారు. నేను చెప్పాను. తప్పించుకోవడానికి నూరు దారులున్నా లేచి నిలబడి, గ్రంథాలయంలో చదివిన మాటలన్నీ ఏరి పేర్చి, పోయిన చెయ్యి గురించి, సణగని నోటి గురించి, కొలిమిలో బంగారం గురించి పావుగంట మాట్లాడాను. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. నా గొంతు కూడా బొంగురుపోయింది, అదే నన్ను ఇప్పటికీ భయపెట్టే సంగతి, అబద్ధానికి అంత నిజమైన కన్నీళ్ళు రావడం. చిన్నాయన ముందు వరసలో పైగుడ్డ కింద మొండిచెయ్యి దాచుకొని నేల చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి నడిచి వస్తుంటే ఆయన, "బాగా సెప్పినావురా, అందురూ ఏడ్సినారు" అన్నాడు. నాలుగడుగులు వేశాక, "నాకే ఏడుపు రాలేదు" అన్నాడు. ఆయన జీవితంలో నన్ను అన్న కఠినమైన మాట అదొక్కటే.

తప్పు మాదని ఆయన అందరి ముందర చెప్పినా, కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి జనం తగ్గిపోయారు. ఆ సంగతి తెలిసి చిన్నాయన రోజూ రెండు మైళ్ళు నడిచి పోయి ఆ పెద్దాయన అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు, వచ్చినవాళ్ళకు ఈయన తప్పు లేదని తానే చెప్పాలని. దాంతో ఉన్న బేరం కూడా పోయే పరిస్థితి వచ్చింది. చివరికి పెద్దాయన బతిమాలుకున్నాడట.

"అప్పా, నీకు పున్నెముంటాది, ఈడ కూసోవద్దు. చెయ్యి ఇరిగి వచ్చినోడు నీ చెయ్యి సూసి వచ్చిన బస్సుకే ఎక్కి పోతా ఉండాడు."

"అయితే లోపల కూసుంటాలేన్నా. ఆకు నూరేదానికి ఒక చెయ్యి సాలు గదా."

అట్లా ఆయన లోపల రోలు దగ్గర చేరాడు. మాకు దేవుడు వేరు, వాళ్ళకు దేవుడు వేరు, పసరు ఒక్కటే. కట్టు అంతా అయిపోయాక బయటికి వచ్చి, ఒక్కొక్కరి ముందర నిలబడి, అబ్బా, ఇది మాత్రం ముట్టుకోవద్దు, దురదొచ్చినా, వదులైనా, ఎంత సదువుకున్నోడు సెప్పినా ముట్టుకోవద్దు, నన్ను సూడు అనేవాడు. ఆ ఇంట్లో కట్టించుకున్నవాళ్ళెవరూ ఆ తర్వాత కట్టు విప్పుకున్నట్టు నేను వినలేదు. మెల్లగా జనం మళ్ళీ రాసాగారు.

అట్లా చెయ్యి పోయి రెండేళ్ళయింది. ఒక సాయంకాలం వాన పట్టేటట్టు ఉంటే చిన్నాయన్ను పిలుచుకు రావడానికి పోయాను. ఆయన ఆకు తేవడానికి తోటలోకి పోయి ఉన్నాడు. పెద్దాయన నన్ను పక్కన కూర్చోమన్నాడు.

"నువ్వు చేసేది బస్తాలు కుట్టే పని గదా?" అన్నాడు.

అవునన్నాను.

"ఆ దినం నేను కోసిన ముడి అదే. ఒంటిచేత్తో ఎవుడూ తన చెయ్యి తాను అట్ల కట్టుకోలేడు నాయనా. నాకు ఆ పొద్దే తెలిసె. మీ సిన్నాయన్ను అడిగితే, వాడంతట వాడే సెప్తాడు, అంతదాకా నువ్వు సెప్పొద్దన్నా అన్నాడు. రెండేండ్లాయె. నేనూ ముసిలోణ్ణి అయిపోతా ఉండా."

నేను లేచి వచ్చేశాను, చిన్నాయన కోసం ఆగలేదు. ఆ ఆదివారం సాక్ష్యాల వేళ అయ్యగారు పిలవకముందే లేచాను. ఈసారి గ్రంథాలయం మాటలు ఒక్కటీ రాలేదు. కట్టు విప్పింది నేను, బిగించింది నేను, నొప్పి మంచిదే అని చెప్పింది నేను, రెండేళ్ళు దాచింది నేను, ఆ పొద్దు ఇక్కడే నిలబడి మీ అందరినీ ఏడిపించింది కూడా నేనే అన్నాను. నాయన మగవాళ్ళ వరసలోంచి లేచి చెప్పు కోసం కిందికి వంగాడు, మందిరంలో ఎవరి కాళ్ళకూ చెప్పులుండవు. వంగినవాడు ఖాళీ చేత్తో లేచి, ఎవరినీ చూడకుండా బయటికి పోయి ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు. అప్పుడు చిన్నాయన లేచాడు. ఆయన సాక్ష్యం చెప్పడం అంతకు ముందు ఎవరూ వినలేదు.

"వాడు కట్టింది నిజమే అయ్యగారూ. కట్టరా అని చెయ్యి సాపింది నేను" అని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున నాయన సిమెంటు బాండలి భుజాన పెట్టుకొని తమ్ముడి ఇంటి ముందర నిలబడి, పని యాడుండాదో సెప్పు పోదాం అన్నాడు. రెండేళ్ళు తిట్టిన తిట్లకు ఆయన అడిగిన క్షమాపణ అదే. అప్పటి నుంచి నాయన కుడిచెయ్యి, చిన్నాయన కన్ను. చిన్నాయన ఎడమ చేత్తో గోడ నిలువు చూసే తూకపు గుండు పట్టుకొని చెప్తుంటే నాయన ఇటుక పేర్చేవాడు, వంకరొస్తే పీకి మళ్ళీ పేర్చేవాడు. ఇద్దరు మేస్త్రీలు, మూడు చేతులు అని ఊళ్ళో నవ్వుకున్నా నాయనకు కోపం రాలేదు. ఆ మనిషి మాటకు ముందు చెయ్యెత్తడం ఆ తర్వాత నేను చూడలేదు. నాతో మాత్రం ఏడాది దాకా మాట్లాడలేదు.

చిన్నమ్మ సంగతి వేరు. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి, పుట్టినప్పటి నుంచి ఒరేయ్ పెద్దోడా అని తప్ప పిలిచి ఎరగదు. ఆ ఆదివారం తర్వాత నేను వాళ్ళింటికి పోతే, రండి, కూసోండి, నీళ్ళు తాగుతారా అనడం మొదలుపెట్టింది. కసురుకోలేదు, శపించలేదు, అన్నం పెట్టింది, దారిన పోయే పరాయివాడికిచ్చే మర్యాద ఇచ్చింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా బతికింది, చివరి దినం దాకా నన్ను మీరు అనే అన్నది. చిన్నాయన క్షమించాడు, ఆమె క్షమించలేదు. ఆమెది తప్పని అనడానికి నాకు ఏ పుస్తకంలోనూ ఆధారం దొరకలేదు.

ఆ సాక్ష్యం చెప్పిన నాలుగేళ్ళకు చిన్నాయన ఛాతీ జబ్బుతో పోయాడు. పెట్టెను మోసినవాళ్ళలో మా వాళ్ళు కానివాళ్ళే ఎక్కువ, ఆ రోలు దగ్గర ఆయన మాట విని చేతులు బాగుపడినవాళ్ళు. పెద్దాయన నడవలేక ఎద్దులబండిలో వచ్చి సమాధి గుంట దగ్గర మూడు పిడికిళ్ళ మన్ను వేసి పోయాడు.

ఇప్పుడు ఆ పెద్దాయన పాక ఉన్నచోట రెండంతస్తుల మేడ లేచింది, బయట కార్లు వరసగా నిలబడి ఉంటాయి, కట్టు కట్టించుకున్నవాళ్ళ చేతిలో జాగ్రత్తలు అచ్చువేసిన కాగితం పెడతారు. మా మందిరం కూడా పెద్దదైంది. మైకులున్నాయి, సాక్ష్యాలు ఫోనుల్లో పట్టుకుంటారు, ఉద్యోగం వచ్చింది, స్థలం కొన్నాం, కారు కొన్నాం అని చెప్తారు, వినడానికి సంతోషంగానే ఉంటుంది. ఎవరిదైనా తప్పు బయటపడితే మాత్రం పొద్దుగూకేలోగా నూరు ఫోనుల్లో తిరుగుతుంది. చేసినవాడు తనంతట తాను లేచి చెప్పేదాకా నోరు మూసుకొని కాచుకునే మనిషి ఇప్పుడు ఎక్కడైనా ఉన్నాడేమో నాకు తెలియదు, ఉంటే వాణ్ణి ఎక్కువ నాళ్ళు కాచుకోనివ్వకూడదని ఎవరు తొందరపడుతున్నారో కూడా తెలియదు. నేను తొందరపడలేదు. ఆయన కాచుకున్నన్నాళ్ళూ తిట్లు ఆయన తిన్నాడు, సాయంకాలాలు నాకు చాప పరిచాడు. ఆయనకు చెయ్యి పోయాక మిగిలింది ఆరేళ్ళు. అందులో రెండేళ్ళు నేను నోరు విప్పకుండా తీసుకున్నాను.